కాలు పెట్టని కాగితం

పోయిన నెల నందిగామలో ఒక గృహప్రవేశానికి వెళ్లాను. కొత్త దంపతులు పెద్దవాళ్లందరికీ వరసగా దణ్ణాలు పెట్టుకుంటూ నా కుర్చీ దగ్గరికి వచ్చి వంగారు. నేను చప్పున కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాను. ఆ పిల్ల చెయ్యి ఉత్త నేలకి తగిలింది. పక్కనున్నవాళ్లు నవ్వారు. "మామ్మగారికి కితకితలు లాగుంది" అన్నాడొకడు. నేనూ నవ్వేసి, అక్షింతలు వేసి, "చల్లగా ఉండండి" అన్నాను గాని, ఇంటికి వచ్చేదాకా మనసు మనసులో లేదు. అలా కాళ్లు వెనక్కి లాక్కోవడం నా అలవాటు కాదు. మా మావగారిది. ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది. ఆయన సిగ్గు నా కాళ్లలోకి ఎప్పుడు వచ్చి చేరిందో నాకే తెలియదు.

ఆయన్ని నేను ముందుగా ఎరిగింది కాళ్లనుంచే. కొత్తకోడలు మావగారి ఎదట తలెత్తి నిలబడే రోజులు కావవి. తలుపు చాటునుంచి, వంచిన తల కిందనుంచి ఎంత కనిపిస్తే అంతే మనిషి. ఆయన ఒళ్లంతా చామనచాయ. చీలమండల దగ్గర్నించి కిందికి మాత్రం వెల్ల వేసిన గోడలా తెలుపు. ఆ తెలుపు నిండా పగుళ్లు, పగుళ్లలో ఇరుక్కున్న సన్నటి పీచు. పండగనాడో, పుట్టింటికి బయల్దేరేనాడో దణ్ణం పెట్టుకుందామని వంగితే ఆ పాదాలు గబుక్కున పంచె అంచు కిందికి దూరిపోయేవి.

"అక్కణ్ణించే అమ్మా, అక్కణ్ణించే చాలు. ఆ చేత్తోనే మళ్లీ పుస్తకం పట్టుకుంటావు" అనేవారు.

మాది జగ్గయ్యపేట. పెళ్లి మా ఇంటి ముందు పందిట్లోనే జరిగింది. అప్పగింతలయ్యాయి. అమ్మ ఏడుస్తోంది, నేనూ ఏడుస్తున్నాను. బండ్లు కదలబోతుండగా మావగారు మా నాన్నని పక్కకి పిలిచి ఏదో అడిగారు. నాన్న ముందు అర్థం కానట్టు చూసి, తర్వాత పందిరి వైపు చెయ్యి చూపించారు. ఇద్దరు పాలేళ్లు వెళ్లి పందిరి గుంజలకు కట్టిన అరటిబోదెలన్నీ విప్పి రెండో బండికెత్తారు. గెలలు కాదు. గెలలయితే ఎవరైనా పట్టుకుపోతారు. బోదెలు!

మా మేనత్త ఊరుకునే మనిషి కాదు. "ఏం వదినా, సారెలో ఏం తక్కువైందని వియ్యంకుడు గారు పందిరి కూడా పీక్కుపోతన్నారు?"

"పశువులకేమోలే" అంది అమ్మ, ఏడుపు ఆపి.

"పశువులకి కాదండీ, కాగితానికి" అన్నారు మావగారు ఎంతో సంబరంగా. "ఈ పట్టల్లో మంచి నారుంటది. రేపెట్టాగూ మీరు పారేసేదేగా, ఉత్తినే కుళ్లిపోద్ది."

ఆడవాళ్లందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముందు పెళ్లికూతురి బండి, వెనక వాడిపోయిన బోదెల బండి. పేట బజారు పొడుగునా జనం ఆగి చూశారు. సీతమ్మవారు భూమిని ఎందుకు చీలమందో నాకు ఆ పూటే తెలిసిందనుకున్నాను. చిన్నతనం.

మా అత్తవారి ఊరు నందిగామకు దగ్గర, మునేటి ఒడ్డున. మెట్టపొలాలు. పత్తి, జొన్న, మిరప, దొరువు నీళ్ల కింద కాస్త వరి. పత్తి తీతలయ్యాక ఊరందరూ కట్టె పీకి పొయ్యిలోకి దాచుకునేవారు. మావగారు కూడా పీకించేవారు గాని పొయ్యి దాకా పోనిచ్చేవారు కారు. యాభైలలో ఎప్పుడో బ్లాకు ఆఫీసువాళ్లు ఊళ్లోకి వచ్చి, గడ్డీ గాదంతో చేతికాగితం ఎలా చెయ్యాలో చూపించి పోయారట. ఊరంతా వినోదం చూసి ఇళ్లకు పోయింది. ఆయన పోలేదు. వాళ్ల వెంటపడి నేర్చుకుని వచ్చి పెరట్లో రాతితొట్లు కట్టించారు.

పత్తికట్టె బెరడు వొలిపించి, వరిగడ్డితో కలిపి, ఆ తొట్లలో సున్నపునీళ్లలో నానబెట్టేవారు. మెత్తబడ్డాక ఉడకబెట్టి, ఏట్లో కడిగి, మళ్లీ తొట్లో వేసి పీచు పీచుగా విడిపోయేదాకా కాళ్లతో తొక్కేవారు. అది అంబలిలా అయ్యాక నీళ్లలో కలిపి, జల్లెడ లాంటి చట్రాన్ని ముంచి ఎత్తితే, నీళ్లన్నీ కారిపోయి చట్రం మీద పల్చటి పొర నిలిచేది. ఆ పొరని గుడ్డ మీదికి దింపి, నాపరాళ్ల బరువు పెట్టి, గోడకి అంటించి ఆరబెట్టి, గంజి జిగురు పట్టిస్తే కాగితం. కాస్త మందంగా, పాలు విరిగిన రంగులో ఉండేది.

తొట్లు కెలికిననాడు వీధంతా కుళ్లిన గడ్డి వాసన. నా చీరలకీ, జడకీ అదే వాసన. పుట్టింటివాళ్లు చూడవస్తున్నారని కబురొస్తే నాకు సంతోషం కన్నా ముందు భయం వేసేది, ఆ రోజు తొట్లు తెరుస్తారేమోనని. సున్నం మా పేట బట్టీలనుంచే వచ్చేది. ఒకనాడు ఆయన అరుగు మీద కూర్చుని మడమ పగుళ్లు చూసుకుంటుంటే నేను తలుపు చాటున నిలబడిపోయాను. అలికిడి విన్నారు.

"సున్నం మీ ఊరిదేనమ్మా. కొరికేదంతా మీ పుట్టింటివారే" అన్నారు.

నవ్వు ఆపుకోలేక లోపలికి పరుగెత్తాను. మావగారు కోడలితో హాస్యమాడటం మా వైపు లేదు. ఆయనకి ఆ ఎరుకే ఉండేది కాదు.

ఎవరింటికి వెళ్లినా ముందు దడి దగ్గర ఆగేవారు. ఒక పుల్ల విరిచి, బెరడు గోటితో లాగి, పళ్లతో కొరికి, చప్పరించి చూసేవారు. "మనిషింటికొచ్చి దడి విరుస్తారేంటండీ, మేకలాగా?" అని అత్తగారు కసురుకునేవారు. ఆయన మాత్రం ఆ పుల్ల పంచెలో దోపుకుని, "గోగునారకి దీటు రాదు" అని తనలో తాను తీర్పు చెప్పుకుని లోపలికి నడిచేవారు. నేను బెండకాయలు తరుగుతుంటే, ముదిరినవాటిని పారేస్తానేమోనని గుమ్మం దాకా వచ్చి నారకని అడిగి తీసుకువెళ్లేవారు.

నా చదువు బడిలో చదివింది కాదు. మా నాయనమ్మ భాగవతం ముందేసుకుని, వేలు పట్టి అక్షరం అక్షరం చూపించి నేర్పిన చదువు. దాన్ని చదువని ఎవరూ అనలేదు. అన్న మొదటి మనిషి ఆయన. ఒక మధ్యాహ్నం వసారాలో చదువుకుంటుంటే బయటినుంచి అడిగారు.

"అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. గడ్డి ఎప్పటిదాకా గడ్డి? ఎప్పట్నించి సరస్వతి?"

ఆయనే చెప్పారు. "చట్రం మీద లేచిందాకా గడ్డేనని నా లెక్క. అందాకా తొక్కొచ్చు. లేచాక మాత్రం దాటను కూడా దాటను."

నిజంగానే దాటేవారు కారు. ఆరబెట్టిన కాగితాలు దారిలో ఉంటే పెరడంతా చుట్టి వచ్చేవారు. కాని ఆ లెక్క మీద ఆయనకే పూర్తి నమ్మకం లేదు. మళ్లీ తనే, "ఏమో! లోపలుండే ఉంటదిలే. లేకపోతే లేచేటప్పుడు ఎక్కణ్ణించొస్తది?" అన్నారు. తొట్లో దిగేముందు రోజూ చేతులు జోడించి, పెదవులు కదిలించీ కదిలించకుండా, "తప్పదమ్మా" అనేవారు. అందుకే ఇంకెవర్నీ తొక్కనిచ్చేవారు కారు. అక్షరం రాసుకునేదాన్ని కూలిచ్చి తొక్కిస్తే ఆ పాపం కూలివాళ్లకి చుట్టుకుంటుందని.

బెరడు వొలవడానికి వచ్చే మరియమ్మకి ఇది వింతగా ఉండేది. "నేను తొక్కుతా లేండి బాబుగారూ. మాకా సరస్వతమ్మతో పేచీ లేదు" అనేది.

"పేచీ లేకపోతే మాత్రం? తల్లి తల్లే" అనేవారు ఆయన, చీలమండల లోతు పీచులో నిలబడి.

అంత చేసిన కాగితానికి జరిగిన మర్యాద ఏమిటంటే, నందిగామ బజారులో బెల్లానికీ ఎండుమిరపకాయలకీ పొట్లం. చీరల దుకాణాలవాళ్లు అట్టల కోసం కొంత కొనేవారు. పొట్లం ఇంటికొస్తే మావగారు దాన్ని విప్పి, మడతలు అరచేత్తో సాపుచేసి, వెలుతురుకి పట్టి చూసుకుని పక్కన పెట్టేవారు. ఒక్కసారే నోరు విడిచి అన్నారు. "దీనిమీద ఒక్క మంచిమాట ఎవరన్నా రాస్తే బాగుండు."

ఎవరన్నా అన్నారు గాని, ఆయన కోరుకున్నది అత్తగారు రాయాలని. ఆవిడ రామకోటి రాసేవారు. తెల్లారి స్నానం చేసి, తడిజుట్టు ముడివేసుకుని, దేవుడి గది గుమ్మంలో కూర్చుని రాస్తుంటే ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కారు. మిల్లు కాగితం పుస్తకాలు, బెజవాడనుంచి తెప్పించినవి. ఇంట్లో గోడలనిండా కాగితాలు ఆరుతుంటే ఇంటావిడకి కాగితం బెజవాడనుంచి రావాలి. ఊళ్లోవాళ్లు ఆ మాట అనకుండా ఉంటారా! ఆయన వింటూ ఉండేవారు.

ఒక ఏడు మంచి కాగితాలు ఏరి, అంచులు కోసి, ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ చెయ్యి చాచలేదు. "తొక్కినదాని మీద రామనామం రాయమంటారా? అదెట్టా కుదురుద్దండీ?" అన్నారు. కోపంగా కాదు, నొచ్చుకుంటూనే.

"కుదరదు. నిజమే" అన్నారాయన. ఎంత వెంటనే ఒప్పుకున్నారంటే, ఆ మాట ఎవరో ఒకరు అంటారని ఏళ్లుగా ఎదురుచూస్తున్నట్టు. కాళ్లు పంచె కిందికి లాక్కున్నారు.

ఆ కట్టలో కొన్ని కాగితాలు మరియమ్మ అడిగి తీసుకుపోయింది. కొన్నాళ్లకి వచ్చి, "మా పాస్టరు గారు వాటిమీద కీర్తనలు రాసుకుంటన్నారండి" అంది.

ఆయన చేస్తున్న పని ఆపేశారు. "దేవుడి పేరు కూడా రాశారా?"

"కీర్తనల్లో దేవుడి పేరు గాక నా పేరుంటదా బాబుగారూ?"

లోపల బియ్యం ఏరుతున్న అత్తగారు విన్నారు. "వాళ్ల దేవుడికి పట్టింపు లేదేమోలే" అన్నారు.

"పశువులపాకలో పుట్టినోడండి అమ్మగారూ, మా దేవుడు. గడ్డి ఆయనకి కొత్తా?" అంది మరియమ్మ. అత్తగారికి కూడా నవ్వొచ్చింది. కాని మర్నాడు మళ్లీ మిల్లు కాగితమే.

పై ఏడు పత్తికట్టె ఇంటికొచ్చిననాడు మావగారు భోజనం దగ్గర అన్నారు. "ఈసారి నీకోసం వేరే తొట్టి పెడతన్నా. అందులో కాలు పెట్టను. చేతుల్తోనే చేస్తా."

ఆవిడ నెయ్యి వడ్డిస్తూ ఆగిపోయారు. "కాలు పెట్టకుండా చేస్తే రాస్తా. రాముడి సాక్షిగా రాస్తా."

ఎండాకాలమంతా ఆ ఒక్క తొట్టే ఆయన లోకం. నానిన పీచుని ముద్దలు ముద్దలుగా నాపరాయి మీద వేసి కొయ్యసుత్తితో మోదడం, చేతుల్తో పిసకడం, మళ్లీ మోదడం. పాదాలకి అలవాటైన సున్నం చేతులకి కొత్త. అరచేతులు తోలు ఊడిపోయాయి. అన్నం కలుపుకోలేకపోతే అత్తగారే పప్పూ అన్నం కలిపి ముద్దలు చేసి ఆయన చేతిలో పెట్టేవారు. "ఇక చాలించండి" అని ఆవిడ అనలేదు. "పోనీ తొక్కండి" అనీ అనలేదు. ముద్ద మాత్రం చిన్నదిగా చేసేవారు, వేళ్లు ఎక్కువ వంచక్కర్లేకుండా. నేను మజ్జిగ పట్టుకుని నిలబడి ఇద్దర్నీ చూస్తూ, భగవంతుడా, ఇంత ప్రేమలో ఇంత పట్టుదల ఎక్కడ పెట్టావయ్యా అనుకునేదాన్ని.

పని చివరికొచ్చింది. ఒక సాయంత్రం మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. నేను బావి దగ్గర నీళ్లు తోడుతున్నాను. మరియమ్మ తన బర్రె దూడ ఎవరి అరుగెక్కి ఏం తిన్నదో చెబుతోంది. మావగారు నవ్వుతూ, వింటూ, ఆ తొట్టి గట్టు మీద చెయ్యి పెట్టి, ఎన్నేళ్లుగానో దిగినట్టే లోపలికి దిగిపోయారు. తొక్కడం మొదలుపెట్టారు. మరియమ్మ మాట సగంలో ఆగింది. అప్పుడు ఆయన కిందికి చూసుకున్నారు.

నిప్పుల్లోంచి ఎగిరినట్టు బయటికొచ్చారు. పీచు కారుతున్న కాళ్లతో వానలో నిలబడి నా వైపు చూశారు. నేను బకెట్లోకి చూశాను.

"నేను చూళ్లేదండి బాబుగారూ. వానొస్తందని బర్రె వంక చూస్తన్నా" అంది మరియమ్మ.

"నేను చూశాగా మరియమ్మా" అన్నారాయన.

తొట్టిని పారబోస్తారనుకున్నాను. పారబొయ్యలేకపోయారు. వారం పాటు కాగితాలెత్తారు, ఆరబెట్టారు, శంఖంతో రుద్ది నునుపు చేశారు. ఒక ఉదయం కొత్త తువ్వాలులో కట్టి దేవుడి గది గుమ్మంలో పెట్టి, అరుగు మీదికి వెళ్లి కూర్చున్నారు.

అత్తగారు ముడి విప్పారు. పైకాగితం మీద అరచెయ్యి ఆనించి ఇటునుంచి అటు తీశారు. "ఎంత నున్నగా ఉందే!" అన్నారు, చిన్నపిల్లలాగా. బొట్టు పెట్టడానికి కుంకం కూడా చేతిలోకి తీసుకుని, ఎందుకో ఆగారు. మొగుణ్ణి ముఖాన అడగడం ఇష్టంలేక కాబోలు, నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, నువ్వు పెరట్లోనే ఉంటావుగా. దీంట్లో కాలు పెట్టలేదుగా?"

నోరు తెరిచాను. ఏ మాట రాబోయిందో నాకు ఈనాటికీ తెలియదు. ఇన్నేళ్లు రోజూ పుస్తకం ముందు కూర్చునే నేను, ఆ ఒక్క గడియ నన్ను నేను తరిచి చూసుకోబోతే సిగ్గుతో కళ్లు మూసుకుంటాను. ఆ మాట నా దాకా రాకుండా బయటినుంచి ఆయన గొంతు వినిపించింది. ఆ దయకి నేను జన్మంతా రుణపడ్డాను.

"పెట్టాను."

అత్తగారి చెయ్యి అలాగే ఉంది. "ఎప్పుడు?"

"వానొచ్చిన్నాడు. మర్చిపోయి దిగా."

"కాలు తగిలింది ఏ కాగితాలకి?"

"తెలీదు. అన్నీ ఒక తొట్టివే."

"చెప్పకపోతే రాసేదాన్నిగా! ఎందుకు చెప్పారు?"

"రాస్తావనే చెప్పా" అన్నారాయన.

తర్వాత చెప్పుల్లేకుండానే పొలం వైపు వెళ్లిపోయారు. అత్తగారు కట్ట ముడి వేశారు. దేవుడి గదిలో పెట్టలేదు, కొట్లోనూ పెట్టలేదు. ఎక్కడ పెట్టాలో తెలియక నడవలో చాప మీద పెట్టారు. ఆ రోజు పొయ్యి మీద ఉడికింది ఎవరూ తినలేదు. నేను ఆ కట్ట పక్కనుంచి నడవలేక వంటింట్లోనే ఉండిపోయాను. తప్పు ఎవరిదని అడిగితే ఫలానావారిదని చెప్పలేను. కాని ఆ ఇంట్లో మాకు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి ముఖం చెల్లలేదు.

దీపాలవేళ అత్తగారు లేచి నడవలోంచి వస్తున్నారు. చీకటి పడుతోంది. ఆవిడ కాలు కట్టకి తగిలింది. తగలడం, ఆవిడ వంగడం, రెండు చేతులూ కట్టకి తాకించి కళ్లకద్దుకోవడం, అన్నీ ఒక్క కదలికలో అయిపోయాయి, ఊపిరి పీల్చినంత తేలిగ్గా. చేతులు కళ్ల మీదే ఉండిపోయాయి. అలాగే మెల్లగా చాప మీద కూర్చున్నారు.

"అమ్మాయ్, నా కాలు తగిలింది."

"చూశానత్తయ్యా."

"కళ్లకద్దుకున్నా."

"అవునత్తయ్యా."

"అంతేగా మరి. కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. అంతేగా చేస్తాం? పారేస్తామా?"

ఉగ్గుపాలతో నేర్చినదే. నడక రాని పిల్లలు కూడా చేసేదే. తొక్కవచ్చునా కూడదా అని ఏళ్లతరబడి తర్కించుకున్నాం గాని, మాలో ఒక్కరికీ ఇది తోచలేదు. ఆ మనిషి చేతులు తోలూడినంత కాలమూ తోచలేదు.

ఆవిడ ముడి విప్పారు. పైకాగితం తీసి ఒక కంటికీ ఇంకో కంటికీ అద్దుకుని పక్కన పెట్టారు. తర్వాతది తీశారు. ఒక్కదాన్నీ వదల్లేదు. దీపం నేనే వెలిగించి ఆవిడ పక్కన పెట్టాను. అద్దుకోవడం అయ్యాక కలం అడిగారు.

మావగారు పొలంనుంచి వచ్చేసరికి ఆవిడ రాస్తున్నారు. ఆయన గుమ్మం బయటే ఆగిపోయారు. ఆఖరికి, "సిరా పాకుతోందా?" అన్నారు. జిగురు సరిగా పట్టని కాగితం మీద సిరా పాకి అక్షరం చెదిరిపోతుంది. చేసినవాడి భయం చేసినవాడిది.

"పాకట్లేదు" అన్నారు అత్తగారు. తల ఎత్తలేదు. ఎత్తలేకపోయారు. మరో వరస రాసి, "కాళ్లు కడుక్కుని లోపలికి రండి. పొద్దుట్నించీ ఏమీ తినలా" అన్నారు.

ఆయన బావి దగ్గరికి వెళ్లారు. చేద దిగుతున్న చప్పుడు, నీళ్లు కుమ్మరిస్తున్న చప్పుడు వినిపించింది. నేను కంచం పెట్టి, నీళ్లు పెట్టి, అన్నం వడ్డించి కూర్చున్నాను. అన్నం చల్లారుతోంది. బయట నీళ్ల చప్పుడు ఇంకా ఆగలేదు.